కాటా చీటీ వెనక

మొదటి నియమం చెరిగిపోయింది.
టీ గ్లాసు అడుగు దాని మీదే గుండ్రంగా కూర్చుంది.
అందుకని రెండోదాన్నుంచి చదువుతాను:
‘ఎప్పుడొస్తారు’ అని ఎవర్నీ ఎవరూ అడగకూడదు.
మూడోది హంసవేణి కొట్టేసింది,
ఏడవకూడదని ఉండేది.

ఆదివారం యార్డుకి సెలవు.
నా చొక్కాలో మిరపకి సెలవుండదు.
బ్రాడీపేట నాలుగో లైన్లో
మూసేసిన జిరాక్సు కొట్టు మెట్ల మీద ఐదుగురం,
నడుమ నూనె మరకల పొట్లంలో పునుగులు.
సంఘం అనుకునేరు,
పేరు కోసం మూడు వారాలు కొట్టుకుని
చివరికి పెట్టకుండానే వదిలేశాం.

నాగూర్‌బీ మొగుడు తేజా కాయ లోడెత్తుకుని
నాగ్‌పూర్ దాటి పోతాడు.
ఆమె దూరాన్ని కిలోమీటర్లలో చెప్పదు.
‘ఇంకా పదకొండు టోల్‌గేట్లు’ అంటుంది,
లోపలినుంచి వేసిన గొళ్లేలు లెక్కపెడుతున్నట్టు.
హంసవేణికి జోర్హాట్‌లో ఒకబ్బాయి.
ఇంట్లో తెలీదు, మాకు తెలుసు.
మెట్లు దిగాక ఆ పేరు పలకకూడదన్నది నాలుగోది,
రాసింది కూడా తనే, ఎడంచేతివాటం అక్షరాల్లో.

తిరుపతయ్యగారి భార్య హైదరాబాదులో,
కొడుకు కోచింగుకని అద్దెగదిలో వండిపెడుతూ.
‘హైదరాబాదు కూడా ఒక దూరమేనా’ అని
జోజి నోరు జారాడొకసారి.
ఆయన ఏమీ అనలేదు.
ఊరందరికీ బట్టలు కుట్టే మనిషి
తన చొక్కాకి గుండీ లేని చోటు
వేలితో చూపించాడు.
ఆ పూట పుట్టింది ఐదోది:
దూరాల్ని తూకం వెయ్యకూడదు.
రోజుకి మూడొందల టిక్కీలు తూచేవాణ్ణి,
నా చేత్తోనే రాశాను.

నాది గంటన్నర దూరం.
సువార్త మస్కట్‌లో నర్సు.
నాకు తొమ్మిదైతే తనకి ఏడున్నర.
నేను తిని కంచం కడిగేసిన ఆకలి
అక్కడింకా మొదలైవుండదు.
దెబ్బలాడుకున్నామా,
నేను చల్లబడే వేళకి
తన కోపం నైట్ డ్యూటీ ఎక్కుతుంది.

ఒక్కోసారి మాటలుండవు.
ఏం తిన్నావు. పప్పు.
ఏం పప్పు. దోసకాయ.
అక్కడితో చెరో చివర ఎండిపోతాం,
కల్లంలో ఆరబోసిన కాయల్లా.
అప్పుడు నాకు దగ్గొస్తుంది.
యార్డు దగ్గు, గొంతులో గింజ ఇరుక్కున్నట్టు.
‘ఆగాగు,’ అంటుంది,
‘ఇంకోసారి దగ్గు.
గుంటూరు వినపడింది.’

ఇది చెబితే మెట్ల మీద ఎవరూ నవ్వలేదు.
నాగూర్‌బీ ఓ పునుగు విరిచి
సగం నా చేతిలో పెట్టింది.
సలహాలివ్వకూడదన్నది ఎన్నోదో గుర్తులేదు గానీ
పునుగు సలహా కిందికి రాదు.

పోయిన నెల జోజికి
కొచ్చి నుంచి నాలుగక్షరాలొచ్చాయి:
ఇక చాలు.
రెండాదివారాలు అతను రాలేదు.
అతనికింకా ఇక్కడ చోటుందా అన్నది
చీటీలో ఎక్కడా రాసిలేదు.
దూరాన మనిషున్నవాళ్ళం కదా మనం, అంది హంసవేణి,
అని, తన మాటకి తనే తలదించుకుంది.
‘వాడిదే ఇప్పుడు అసలు దూరం,’
తిరుపతయ్యగారు పునుగుల పొట్లం మడతపెడుతూ అన్నారు,
‘వాడికి టోల్‌గేట్లు కూడా లేవు.’

మూడో ఆదివారం వచ్చాడు.
అందరికంటే కింది మెట్టు మీద కూర్చుని
చీటీ ఇటిమ్మన్నాడు.
గ్లాసు మరక మీద వేలు పెట్టి
చూడకుండా అప్పజెప్పాడు,
మేమంతా మరిచిపోయిన మొదటి నియమం:
‘ఫోనొస్తే లేచి వెళ్ళిపో.
మాట సగంలో ఉన్నా సరే,
ఎవరి మాటైనా సరే.’

అదేం కర్మో, అప్పుడే నా జేబులో మోగింది.
అందరూ వేరే దిక్కు చూశారు.
నేను కూర్చునే ఉన్నాను,
రెండు, మూడు, నాలుగు రింగులు.
జోజి తల ఎత్తలేదు.
నాకు దారి వదలడానికి
మోకాళ్ళు రెండూ పక్కకి జరిపాడు.